సీఎంఆర్ మిల్లును సొంత బ్రాండ్ దారిలోకి తేవడం ఎట్లా: సంచి డిజైన్ కంటే ముందు చేయాల్సిన పనులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పెద్దపల్లి జిల్లాలో ఆరుగురు పార్టనర్ల రైస్ మిల్లు, గంటకు 4 టన్నుల కెపాసిటీ, సార్టెక్స్ (రంగు చూసి చెడ్డ గింజ ఏరే మిషన్) ఉంది. నడుస్తున్నదంతా సివిల్ సప్లయ్స్ సీఎంఆరే (కస్టమ్ మిల్లింగ్ రైస్, అంటే సర్కారు వడ్లు ఆడి బియ్యం సర్కారుకే ఇవ్వడం). మూడేళ్లలో సగం పనిని సొంత బ్రాండ్ సన్నబియ్యంలోకి మార్చాలనుకుంటున్నారు. పేరు పెట్టారు, సంచి డిజైన్ కూడా అయిపోయింది. మీటింగులో అందరూ సరే అంటున్నారు, మిల్లులో మాత్రం ఏదీ కదలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, మనుషుల్ని ఎట్లా ఒప్పించాలి, బయటి నుంచి మేనేజర్‌ను తెచ్చుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తా. సగం అనే మాట పక్కన పెట్టి, మొదటి ఏడాదికి నెలకు 50 టన్నులు చాలు అనుకోండి. సంచిని బీరువాలో పెట్టండి. ఈ మార్పుతో మిల్లులో ఎవరి రాబడి మారుతుంది, ఎవరి మాట తగ్గుతుంది, ఎవరికి పని పెరుగుతుంది అన్నది పేరుపేరునా ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితానికి జవాబు దొరికాకే మిల్లులో ప్రకటించండి. మీవాళ్లు మొండివాళ్లేం కాదు. వాళ్ల కూలి, జీతం, కమీషన్ అన్నీ పాత పని మీద లెక్కకట్టి ఉన్నాయి. నోటితో సరే అన్నా చెయ్యి పైసలు ఎటుంటే అటే పోతుంది.

సగం ఎందుకు కాదో ముందు లెక్క చూడండి, ఎందుకంటే మీ పార్టనర్లలో కనీసం ఒకరు ఈ లెక్క మనసులో వేసుకునే ఉంటారు. 4 టన్నుల మిల్లు రోజుకు 20 గంటలు, నెలకు 25 రోజులు నడిస్తే 2,000 టన్నుల వడ్లు ఆడుతుంది, 1,300 టన్నుల పైచిలుకు బియ్యం వస్తుంది. అందులో సగమంటే నెలకు 650 టన్నులు, అంటే 6,500 క్వింటాళ్లు. సన్నాల్లో సంచిలో పోయదగ్గ నిండు గింజ 58 శాతం వస్తుందనుకుందాం (మీ మిల్లులో ఎంతొస్తుందో ట్రయల్ వేసి చూసుకోవాల్సిందే). నెలకు 11,200 క్వింటాళ్ల వడ్లు కావాలి. 2025-26లో గ్రేడ్ ఏ మద్దతు ధర 2,389 రూపాయలు, సన్నాలకు సర్కారు బోనస్ 500 కలిస్తే 2,889. రైతు సర్కారు కొనుగోలు సెంటర్‌ను వదిలి మీ దగ్గరికి రావాలంటే 2,900 దగ్గర పలకాలి. నెలకు మూడుంపావు కోట్లు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది కాబట్టి ఆరు నెలలు నిల్వ పెట్టాలి. అప్పటికి 19 కోట్ల పైన వడ్ల లాట్లలోనే ఇరుక్కుంటాయి. దుకాణాల్లో ఉద్దెర దీనికి అదనం.

నెలకు 50 టన్నులైతే 862 క్వింటాళ్ల వడ్లు, 25 లక్షలు. ఆరు నెలలకు కోటిన్నర. బియ్యం క్వింటా 5,000 అనుకుంటే నెల రోజుల ఉద్దెరకు ఇంకో 25 లక్షలు. ఇది ఆరుగురు కూర్చుని మాట్లాడుకోగలిగిన లెక్క.

సీఎంఆర్‌లో వడ్లు సర్కారువి. గ్యారంటీలు, గడువులు ఉంటాయి గానీ వడ్లకు మీ జేబులోంచి పోయేది లేదు. బ్రాండ్‌లో మొదటి రోజే పైసలు పోతాయి, తిరిగొచ్చేది ఏడెనిమిది నెలల తర్వాత. మిషన్లు అవే, షెడ్డు అదే కాబట్టి పని కూడా అదేననిపిస్తుంది. కాదు, ఇది వేరే వ్యాపారం. పార్టనర్లు ఊ అంటూనే కదలకపోవడానికి సగం కారణం ఈ భయం. దాన్ని మీటింగులో ఎవరూ నోరు తెరిచి చెప్పరు, ముఖ్యంగా మీలాంటి చిన్నవాడు ఉత్సాహంగా ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నప్పుడు.

సర్కారు వడ్ల జోలికి పోవద్దు. ఇది మిగతా అన్నిటికంటే ముందు రాయాల్సింది. యార్డులో వేల బస్తాల సీఎంఆర్ వడ్లు కళ్లముందు ఉంటాయి. "ఇవి ఆడి బ్రాండ్‌లో అమ్ముదాం, యాసంగి వడ్లతో సర్దుదాం" అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది, అదీ చాలా అనుభవం ఉన్నవాళ్ల నుంచే వస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు బస్తాలు లెక్కపెట్టినరోజు అది లోటు కాదు, కేసు. మిల్లు బ్లాక్‌లిస్టులోకి పోతే బ్రాండూ ఉండదు, సీఎంఆరూ ఉండదు. సొంత వడ్లకు వేరే గోదాం, వేరే కాంటా చీటీ పుస్తకం, వేరే స్టాక్ రిజిస్టర్ ఉండాలి. గోదాం లేకపోతే అద్దెకు తీసుకోండి. ఇప్పటికే మీకు సీఎంఆర్ బకాయి ఉంటే ఈ జవాబు ఇక్కడితో ఆపి, ముందు అది తీర్చేయండి.

ఇక అసలు ఎందుకు మారాలి అన్నదానికి మీ దగ్గర గట్టి కారణం ఉండాలి. మేనేజ్‌మెంట్ పాఠాల్లో అత్యవసర భావన కలిగించాలని చెప్తారు. సంస్థల్లో మార్పు తేవడానికి జాన్ కాటర్ అనే ప్రొఫెసర్ 1995లో చెప్పిన ఎనిమిది మెట్లలో మొదటిది అదే. మన దగ్గర దాన్ని భయపెట్టడంగా అర్థం చేసుకుని "ఇట్లనే ఉంటే మునుగుతాం" అని మొదలుపెడతారు. నెలనెలా బండ్లు పోతుంటే, తవుడు, నూక, ఊక మీద రాబడి వస్తుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు? దానికి బదులు మూడేళ్ల పుస్తకాలు తీయండి. మిల్లింగ్ చార్జీ ఎంత వచ్చింది, ఎన్ని నెలలు ఆలస్యంగా వచ్చింది, తవుడు నూకల మీద ఎంత, కరెంటు బిల్లు, వడ్డీ ఎంత, గోదాంలో జాగా లేక మిల్లు ఎన్ని రోజులు ఆగింది. ఒకే పేజీలో వేసి చూపండి. 2021-22లో బాయిల్డ్ (ఉప్పుడు) బియ్యం తీసుకునేది లేదని కేంద్రం అన్నప్పుడు యాసంగి వడ్ల సంగతి ఢిల్లీలో ధర్నా దాకా పోయింది. ఒకే కొనుగోలుదారు మీద బతికే మిల్లుకు అది ఏంటో మీ పెద్దలకు మీరు చెప్పనక్కర్లేదు, గుర్తుచేస్తే చాలు.

అదే పేజీలో మీ ఆలోచనకు ఎదురుపోయే విషయం కూడా పెట్టండి, లేకపోతే ఎవరో ఒకరు మధ్యలో లేపుతారు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. ఊళ్లల్లో తక్కువ ధర సన్నబియ్యం కొనేవాళ్లు తగ్గుతారు. కాబట్టి మీ బ్రాండ్ మండల కేంద్రం కిరాణా దుకాణంలో అగ్గువ సంచిగా నిలబడదు. కరీంనగర్, హన్మకొండ, హైదరాబాద్‌లో పాత బియ్యం అడిగి కొనే ఇళ్లు, మెస్సులు, హాస్టళ్లు మీ గిరాకీ. ఇది తేలకుండా ఏ రకం వడ్లు కొనాలో తేలదు. సాంబ మసూరి అనే బీపీటీ 5204 కావాలా, తెలంగాణ సోనా అనే ఆర్‌ఎన్‌ఆర్ 15048 కావాలా, జగిత్యాల సన్నాలు కావాలా? ఒక్క రకంతో మొదలుపెట్టండి. రెండో ఏడాది రెండోది.

పార్టనర్లతో ఒక్కొక్కరుగా కూర్చోండి, ఆ తర్వాతే మీటింగ్. ఆరుగురిలో ఒకరి బావమరిది లారీలు సీఎంఆర్‌కు తిరుగుతుంటాయి. ఒకరు నూకలు కోళ్ల దాణాకు పంపుతూ అందులో చిన్న కమీషన్ చూసుకుంటారు. ఒకరి భూమి బ్యాంకులో కుదువ ఉంటుంది, కొత్త క్యాష్ క్రెడిట్ లిమిట్ (బ్యాంకు అప్పు) అంటే ముందు ఉలిక్కిపడేది ఆయనే. ఇవి తప్పులు కావు, లెక్కలు. ఒక్కొక్కరినీ అడగాల్సిన ప్రశ్న "మీకు ఇష్టమేనా" అని కాదు. "ఇది నడిస్తే మీకు ఏది తగ్గుతుంది, ఎంత నష్టం దాకా ఓర్చుకుంటారు" అని. అడిగే పని కూడా మీరు చేస్తే కొందరు నోరు విప్పరు, మీ నాన్నో బాబాయో మీ పక్కన ఉంటే మంచిది.

ఆ తర్వాత ఒప్పందం రాయండి. పేజీ దాటొద్దు. అందులో ఉండాల్సినవి: ఈ పనిలో పెట్టే గరిష్ఠ సొమ్ము, ఎవరి వాటా ఎంత. ఎంత నష్టం వస్తే ఆపేస్తాం, అంకెలో. రోజువారీ నిర్ణయం ఒకే మనిషిది, ఆ మనిషి పేరు. సీఎంఆర్ గడువు వచ్చినప్పుడు ఏం చేస్తాం. బ్రాండ్‌కు వేరే ఖాతా, అందులో తవుడు నూకల విలువ ఏ ధరకు కట్టాలి. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఎక్కువ పార్టనర్‌షిప్‌లు తగవు పడేది అక్కడే. బ్రాండ్ వడ్ల తవుడును సీఎంఆర్ తవుడుతో కలిపి అమ్మేస్తే బ్రాండ్ ఎప్పుడూ నష్టంలోనే కనిపిస్తుంది. ఆ వారం మీ ఊళ్లో తవుడు, నూక అమ్మిన ధరే బ్రాండ్ ఖాతాకు జమ అని ముందే రాసుకోండి.

సీఎంఆర్ గడువు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఇట్లాంటి మార్పులు ఎక్కువగా చచ్చిపోయేది ఈ ఒక్క చోటే. గడువు పది రోజుల్లోకి వస్తుంది, ఆఫీసర్ ఫోన్ చేస్తాడు, పెద్ద పార్టనర్ మిల్లుకొచ్చి "అది ఆపు, ముందు సర్కారు బియ్యం ఆడు" అంటాడు. ఆయన తప్పేం లేదు, అది చేయాల్సిందే. కానీ దుకాణదారుకు మూడు వారాలు మీ సంచి దొరకదు, ఆ జాగాలో ఇంకో సంచి వచ్చి కూర్చుంటుంది. మిల్లులో పనిచేసేవాళ్లకు కూడా ఒక సంగతి తెలిసిపోతుంది: చిన్న సారు చెప్పింది పెద్ద సారు రాగానే ఆగిపోతుందని. ఆ తర్వాత మీరు ఏ మార్పు చెప్పినా వాళ్లు తల ఊపి, పెద్ద సారు వచ్చేదాకా ఆగుతారు. దీనికి విరుగుడు వాదన కాదు, స్టాక్. ప్యాక్ చేసిన బ్రాండ్ బియ్యం ఎప్పుడూ 20 రోజుల అమ్మకానికి సరిపడా, అంటే 33 టన్నుల దాకా, పక్కన ఉండాలి. అప్పుడు లైన్ మొత్తం సీఎంఆర్‌కు ఇచ్చేసినా దుకాణం ఖాళీ పడదు, పెద్దాయన మాటా పోదు, మీ మాటా పోదు.

ఇప్పుడు మిల్లు లోపలికి.

ఆపరేటర్ దగ్గర మొదలుపెట్టండి. సీఎంఆర్ ముడి (ఉడకబెట్టని వడ్ల) బియ్యంలో ఏళ్ల తరబడి 25 శాతం దాకా నూకకు వీలుండేది. ఆయన చెయ్యి దానికి అలవాటు పడింది. షిఫ్టులో ఎన్ని బస్తాలు దిగాయన్నదే ఆయన గొప్ప, బోనస్ ఉంటే అదీ దాని మీదే. అందుకే షెల్లర్ (పొట్టు తీసే మిషన్) రోల్స్ దగ్గరకు బిగించి ఒక్క దెబ్బకే పొట్టు మొత్తం ఊడదీస్తాడు, రబ్బరు అరిగినా ఇంకో రెండు రోజులు లాగుతాడు, తెల్లబరిచే మిషన్ మీద బరువు పెంచి ఒకే పాస్‌లో తెలుపు తెస్తాడు. మూడింటికీ ఫలితం నూకే. సన్నగింజ దొడ్డుగింజ కంటే తొందరగా విరుగుతుంది. వడ్లు 13, 14 శాతం తేమలో ఉండాలి, షెల్లర్‌లో పదో పన్నెండో శాతం వడ్లు పొట్టు పోకుండా సెపరేటర్ నుంచి వెనక్కి రావాలి, తెలుపు రెండు మూడు పాసుల్లో తేవాలి. ఇవన్నీ ఆయనకు మీకంటే బాగా తెలుసు. అట్లా నడిపితే గంటకు బస్తాలు తగ్గుతాయి, అంతే. బోనస్ బస్తాల మీద ఉన్నంతకాలం ఎన్ని ట్రైనింగులు పెట్టినా ఆ రోల్స్ బిగుస్తూనే ఉంటాయి.

చేయాల్సింది ఇట్లా. గంటకోసారి పాలిషర్ మూతి దగ్గర 100 గ్రాముల శాంపిల్ తీయండి. ముప్పావు గింజ కంటే చిన్నవి ఏరి తూకం వేయండి. ఎన్ని గ్రాములుంటే అంత శాతం నూక, వేరే లెక్క అక్కర్లేదు. బోర్డు మీద చాక్‌పీసుతో రాయండి. శాంపిల్ గ్రేడర్ (నూకను వేరుచేసే మిషన్) ముందు తీయాలి, తర్వాత కాదు. గ్రేడర్ దాటాక నూక ఎట్లాగూ పోతుంది, బియ్యం అందంగా కనిపిస్తుంది, మిల్లులో ఎంత విరిగిందో మాత్రం కనిపించదు. సంచిలోకి పోయే బియ్యానికి వేరే శాంపిల్ చూసుకోండి, అక్కడ 5 శాతం దాటొద్దని పెట్టుకోండి. రెండు వారాలు ఊరికే రాయండి, ఎవరినీ ఏమీ అనొద్దు. ఆ సగటు తేలాక, దాని కంటే ఒక్కో శాతం తగ్గినకొద్దీ ఇంత అని బోనస్ కట్టండి. ఎక్కువైతే జరిమానా అనే ఆలోచన పెట్టుకోవద్దు. జరిమానా పెట్టిన రోజు నుంచి శాంపిల్ మంచి చోటు చూసి తీస్తారు. శాంపిల్ తీసేది కూడా ఆపరేటర్ కాకుండా ఇంకొకరైతేనే ఆయన మీద నింద పడదు.

ఒకే లైన్ మీద రెండు పనులూ చేస్తారు కాబట్టి లైన్ మార్చేటప్పుడు ఎలివేటర్ అడుగులు, బిన్లు దులపాలి, మొదటి 5, 6 బస్తాలు బ్రాండ్‌లో పోయకుండా సీఎంఆర్ లెక్కలోకే వేయాలి. ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. పోషకాలు కలిపిన గింజలు వేయాలన్న నిబంధన ఉన్నప్పుడు సీఎంఆర్‌లో 100 కిలోలకు 1 కిలో చొప్పున అవి పడతాయి. అవి నాలుగు మీ సంచిలో కనిపిస్తే కొన్నావిడ ప్లాస్టిక్ బియ్యమని దుకాణం ముందు నిలబడుతుంది. బ్రాండ్ ఆడేటప్పుడు ఆ గింజలు కలిపే బ్లెండర్ కరెంటు తీసేయండి.

హమాలీల సంగతి ఎవరూ ప్లాన్‌లో రాయరు, మొదటి లోడ్ రోజే అక్కడ ఆగుతుంది. కూలి బస్తా లెక్క. 50 కిలోల సంచులైతే టన్నుకు 20. బ్రాండ్ సంచి 26 కిలోలు. ఎందుకు 26 అంటే, 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి, మార్కెట్ మొత్తం ఒక కిలో పెంచుకుని కూర్చుంది. టన్నుకు 38 సంచులు పడతాయి. మీరు సగం బరువు, సగం కూలి అంటారు. వాళ్లు వంగడం రెట్టింపు అంటారు. ఇద్దరిదీ నిజమే. పైగా ప్రింటు సంచి కొక్కెం తగిలితే చినుగుతుంది, చేత్తోనే ఎత్తాలి, నెమ్మదిగా పేర్చాలి. బస్తా రేటు వదిలి క్వింటా రేటుకు రండి, పాత క్వింటా కూలి కంటే కొంత ఎక్కువ పెట్టండి, కొక్కెం వాడొద్దన్న షరతు దాంతోపాటే చెప్పండి. ఇది మేస్త్రితో కనీసం నెల ముందు తేలాలి. మన మిల్లుల్లో ఎక్కువమంది బిహార్ నుంచి వచ్చినవాళ్లు. దీపావళి తర్వాత ఆరో రోజు ఛఠ్ పూజ, చాలామంది ఊరికి పోతారు. సరిగ్గా వానాకాలం వడ్లు దిగే రోజులవి. సొంత వడ్ల కొనుగోలు పెట్టుకునేటప్పుడు క్యాలెండర్‌లో ఆ వారం చుట్టూ గీత గీసుకోండి.

గుమస్తా. ఈయన గురించి జాగ్రత్త. ట్రక్ షీట్లు, గోదాం అక్నాలెడ్జ్‌మెంట్లు, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలి అన్నదంతా ఆయన తలలో ఉంది. సీఎంఆర్ తగ్గుతుందంటే తన విలువ తగ్గుతుందని ఆయనకు అందరికంటే ముందు అర్థమవుతుంది. ఎదురు చెప్పడు. కాంటా దగ్గర నాలుగు రకాల సన్నాలను ఒకే లాట్‌లో వేయిస్తాడు, "అన్నీ సన్నాలే కదా సార్" అంటాడు. ఒక మిల్లులో సరిగ్గా ఇట్లనే మొదటి సీజన్ మొత్తం పోయింది. ఒకే సంచిలో రెండు రకాల గింజ, ఒకటి ఉడికేసరికి ఇంకొకటి పలుకు. వడ్లు దిగిన చోటే లాట్‌కు కార్డు కట్టాలి: రకం, రైతు ఊరు, తేదీ, తేమ, బస్తాలు. ఆ కార్డు లేని లాట్ మిల్లుకు ఎక్కకూడదు. ఈ పని గుమస్తాకే ఇచ్చి, అదనపు జీతం కట్టి, సీఎంఆర్ తన చేతిలోనే ఉంటుందని పార్టనర్లందరి ముందు చెప్పండి. ఆయన్ని సేల్స్‌కు పంపొద్దు, రాదు.

అడ్తిదారులకు (కమీషన్ మీద వడ్లు ఇప్పించేవాళ్లకు) కూడా ముందే చెప్పాలి. రకం విడిగా తెచ్చినవాళ్లకు కమీషన్ కొంత ఎక్కువ, కలిపి తెస్తే తీసుకోం అని. అంతకంటే వివరం ఇక్కడ అక్కర్లేదు.

కాలం పంటను బట్టే నడుస్తుంది. మీరు ఏప్రిల్‌లో మొదలుపెట్టినా ఆగస్టులో మొదలుపెట్టినా, బ్రాండ్‌కు పనికొచ్చే వడ్లు వానాకాలంలోనే దొరుకుతాయి. యాసంగి పంట కోతకొచ్చేసరికి ఎండలకు గింజలో పగుళ్లు పడతాయి, ముడి బియ్యంగా ఆడితే నూక విపరీతంగా వస్తుంది, అందుకే అది బాయిల్డ్‌కు పోతుంది. కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ లోపు పార్టనర్ల ఒప్పందం, కూలి, బోనస్ మాటలు ముగించాలి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా బయట దొరికే పాత వడ్లు కొని నెలకు పదో పదిహేనో టన్నులు ఆడి చూడాలి, పేరు లేని సంచిలో తెలిసిన మెస్సులకు ఇవ్వాలి. ఫుడ్ లైసెన్స్, తూనికలు కొలతల ప్యాకర్ రిజిస్ట్రేషన్ కాగితాలు ఈ మూడు నెలల్లోనే. నవంబర్, డిసెంబర్‌లో కొనుగోలు. ఆ బియ్యం సంచిలో పడేది మే, జూన్‌లో. నిల్వ లేకుండా అమ్మాలంటే వడ్లకు స్టీమ్ (ఆవిరి) పట్టాలి, దానికి బాయిలర్, డ్రయర్ సరిపోతాయో లేదో వేరే లెక్క. నిల్వ పెట్టి అమ్మేటట్టయితే, ఏప్రిల్‌లో మొదలుపెట్టినా మొదటి సంచి దుకాణంలోకి పోయేసరికి ఏడాది దాటుతుంది. ఈ మాట పార్టనర్లకు మొదట్లోనే చెప్పకపోతే ఆరో నెలలో "ఏమైంది నీ బ్రాండ్" అనే ప్రశ్న మొదలవుతుంది.

మిల్లులో అందరికీ ప్రకటించేది ఎప్పుడని అడుగుతారేమో. కూలి రేటు, బోనస్, గుమస్తా పని తేలిన మర్నాడు. అప్పుడు ఉపన్యాసం అక్కర్లేదు. ఏం మారుతోంది, ఏం మారడం లేదు, ఎవరి పైసలు ఎట్లా ఉంటాయి, తకరారు వస్తే ఎవరికి చెప్పాలి. పది నిమిషాలు చాలు. బిహార్ వాళ్లకు మేస్త్రితో హిందీలో ఇంకోసారి చెప్పించండి.

ఆ తర్వాత వారానికోసారి, శనివారం అనుకోండి, అరగంట కూర్చోండి. మిల్లు ఆఫీసులోనే, ఇంట్లో కాదు. నాలుగు అంకెలు చూడండి: నూక శాతం, వచ్చిన ఫిర్యాదులు, బయట ఉన్న ఉద్దెర, సీఎంఆర్ ఇవ్వాల్సింది ఎంత ఇచ్చింది ఎంత. నాలుగోది బోర్డు మీద ఉంటేనే పెద్దవాళ్లు మొదటి మూడింటిని ప్రశాంతంగా చూస్తారు. ఫిర్యాదు వచ్చిన సంచిని వాదించకుండా మార్చి ఇవ్వండి, కానీ కుట్టు దగ్గరున్న లాట్ నంబర్ రాసుకోకుండా మార్చొద్దు. ఒకే లాట్ నుంచి మూడు ఫిర్యాదులొస్తే ఆ లాట్ అమ్మకం ఆపాలి. ఆపే అధికారం మీ ఒక్కరి చేతిలోనే కాదు, ప్యాకింగ్ చూసే మనిషికి కూడా ఉండాలి.

వ్యతిరేకించేవాళ్ల గురించి ఒక మాట. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త 1940ల్లోనే చెప్పిన సంగతి: ముందుకు తోసే బలం పెంచడం కంటే వెనక్కి లాగే బలాన్ని తగ్గిస్తే కదలిక తేలిక, గుంజులాట తక్కువ. పైన చెప్పినవన్నీ అదే పని. అయినా ఒకరిద్దరు ఒప్పుకోరు. పార్టనరైతే, అతని వాటా సీఎంఆర్ వరకే ఉంచి బ్రాండ్‌కు వేరే ఫర్మ్ పెట్టే వీలుందా అని మీ సీఏను అడగండి. అప్పుడు ఆ ఫర్మ్ మిల్లుకు మిల్లింగ్ కూలి కట్టి వడ్లు ఆడించుకుంటుంది, లెక్క కూడా శుభ్రంగా ఉంటుంది. పార్టనర్లు ఇప్పటికే విడిపోయే మాట మీద ఉంటే మాత్రం ఈ ఏడాది మొదలుపెట్టొద్దు. ఆరు నెలల వడ్ల స్టాక్ మధ్యలో పంపకం పెట్టుకోవడం అంత చెడ్డ పని ఇంకోటి ఉండదు.

బయటి నుంచి మేనేజర్ కావాలా అన్నారు. మిల్లుకు వద్దు. ఉన్న ఆపరేటర్, గుమస్తా మీద కొత్త మనిషిని ఎక్కిస్తే మీరు పరిష్కరించిన తగవులన్నీ మళ్లీ మొదలవుతాయి. మనిషి కావాల్సింది అమ్మకానికి. నెలకు 50 టన్నులంటే 1,900 పైన సంచులు, దుకాణానికి 30 చొప్పున 64 దుకాణాలు. ఒక సేల్స్‌మన్, ఒక చిన్న ట్రాలీ ఆటో చేయగలిగిన పని. ఎంబీఏ అక్కర్లేదు. కరీంనగర్‌లోనో హన్మకొండలోనో నూనె, పప్పులు, టీ పొడి డిస్ట్రిబ్యూటర్ దగ్గర నాలుగైదేళ్లు లైన్ తిరిగినవాడిని చూడండి, ఏ దుకాణం ఉద్దెర తిరిగొస్తుందో ఏది రాదో అతనికి తెలిసి ఉంటుంది. జీతం స్థిరంగా కొంత, మిగతాది అమ్మిన సంచుల మీద కాకుండా వసూలైన పైసల మీద పెట్టండి. అతన్ని జనవరిలోనే చేర్చుకోవద్దు, సంచి లేకుండా నాలుగు నెలలు ఖాళీగా తిరుగుతాడు. ఏప్రిల్ మొదట్లో చాలు.